కంప్యూటరులకు పడిన గండి



రాజమహేంద్రవరము నుండి రావులపాలెము పోవు బాటసారులు గౌతమి వంతెన ఎక్కబోవుటకు ముందు కనబడు గ్రామము జొన్నాడ. ఆ యూరివారికిని, ఆ చుట్టుప్రక్కల గోదావరి గట్టు నీడను పుట్టి పెరిగిన తక్కిన గ్రామముల పెద్దలకును నేను ఏటిగట్టును గుఱించి చెప్పబూనుట తాతకు దగ్గులు నేర్పినట్లుండును. అయినను నేడు నేను ప్రసంగింపవలసిన విషయమునకు గట్టుకంటె తగిన పోలిక నాకు దొరకలేదు. కావున మీకు తెలిసినదానితోనే మొదలుపెట్టి, మీలో ననేకులకు క్రొత్తదైన సంగతిలోనికి వచ్చెదను.

1986వ సంవత్సరము ఆగష్టు నెలలో ధవళేశ్వరము ఆనకట్టపై సెకనుకు 35 లక్షల ఘనపుటడుగుల నీరు ప్రవహించిన దినములు మీలో పెక్కుమందికి జ్ఞప్తియందుండును. 2022 జూలైలో మరల 25 లక్షలు దాటెను. అట్టి రాత్రులందు గట్టుపై కాపున్నవారు ఏమి చేయుదురు? నీటి మట్టమును చూచుట యొక పని. అంతకంటె ముఖ్యమైన పని గట్టుకు ఇవతలి ప్రక్కను, ఊరివైపు వాలులో, దీపము పట్టుకొని తడి కొఱకు వెదకుట. ఎలుకయో, పందికొక్కో, పీతయో త్రవ్విన బొరియ వేసవియంతయు ఎవరికిని కనబడక పడియుండును. వరదనీరు దానిని కనిపెట్టినప్పుడు మొదట ఊట, పిదప బుగ్గ, ఆ పిదప గండి. ఊట కనబడిన క్షణముననే కేకవేయవలెను. ఇసుక బస్తాలు ఎవరి యింటివి, మనిషి ఏ వీధివాడు అను విచారణ అప్పుడుండదు.

ఈ సంగతిని నాకు బాగుగా తెలిపినవారు గట్టుమీద ఎన్నో వరదలు కాపున్న జొన్నాడ పెద్దలొకరు. ఒకనాడు వారు వార్తాపత్రిక చేతబట్టుకొని, “ఏమండీ, కంప్యూటర్లకి పురుగు పట్టిందంటారు, డబ్బిస్తేగాని వదలదంటారు. దానికి తలుపు తీసిందెవరండీ?” అని నన్నడిగిరి. నేను అప్పటికి తోచినదేదో చెప్పితిని. నా జవాబు వారికి రుచింపలేదు. ఆ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పుటయే నేటి నా యుద్దేశము.

2017వ సంవత్సరము మే 12వ తేదీ, శుక్రవారము. ఆనాడు ప్రపంచమందలి అనేక కార్యాలయములలో కంప్యూటరుల తెరలు ఎఱ్ఱబడెను. తెరపై నొక హెచ్చరిక. దాని సారాంశమిది: నీ దస్త్రములన్నిటిని రహస్యలిపిలోనికి మార్చివైచితిమి, 300 డాలర్ల విలువగల బిట్‌కాయిన్ అను కంటికి కనబడని నాణెములను చెల్లించినచో తాళపుచెవి యిత్తుము, మూడు దినములు దాటిన 600, ఏడు దినములు దాటిన నీ కాగితములపై ఆశ వదలుకొనుము. ఈ యుపద్రవమునకు వన్నక్రై అని పేరు వచ్చెను. ఏడ్వవలెననిపించుచున్నదని ఆ యాంగ్లపదమునకు అర్థము. దొంగలకు హాస్యము కూడ కలదన్నమాట.

కొద్ది దినములలోనే అది నూటయేబది దేశములకు వ్యాపించి, రెండు లక్షలకు మించిన యంత్రములను పట్టెను. ఇంగ్లండులో ప్రభుత్వ వైద్యశాలల సంస్థలు 236 ఉండగా వానిలో 80కి తక్కువ కాకుండ చిక్కుపడినవని ఆ దేశపు లెక్కల తనిఖీ కార్యాలయము పిమ్మట తేల్చెను. వేలకొలది రోగులు వైద్యునికొఱకు వచ్చి తిరిగిపోవలసి వచ్చెను. ఇది దూరదేశపు గొడవ యని మనము ఊరకుండుటకు వీలులేకపోయెను. చిత్తూరు, కృష్ణా, గుంటూరు, విశాఖపట్టణము, శ్రీకాకుళము జిల్లాలలోని 18 పోలీసు విభాగముల కంప్యూటరులకు ఇది సోకినట్లు ఆనాటి వార్తాపత్రికలు వ్రాసెను. తిరుమల తిరుపతి దేవస్థానమువారి పరిపాలనా కార్యాలయపు కంప్యూటరులు కొన్ని పట్టుబడెను. యాత్రికుల సేవలకు మాత్రము భంగము కలుగలేదని అధికారులు తెలిపిరి. చెన్నపట్టణపు చెంతనున్న కార్ల కర్మాగార మొకటి పని నిలిపివైచెను. కేరళలో వయనాడు, పత్తనంతిట్ట జిల్లాలలో గ్రామపంచాయితీ కార్యాలయములకే ఇది వచ్చెను. గ్రామపెద్దలు ఈ కడపటి సంగతిని ప్రత్యేకముగ గమనింపవలెను. కొండల నడుమనున్న యొక పంచాయితీ ఏ దొంగ కంటను పడినది? ఎవ్వని కంటను పడలేదు. ఈ పురుగు ఊరు పేరు చూచి వచ్చునది కాదు. తలుపు తెఱచియున్నచోట నెల్ల దూరునది.

ఆ తలుపు ఎట్టిదో చెప్పెదను.

కంప్యూటరు ఉత్త యినుము. దానిని నడిపించు మూలవ్యవస్థ యొకటి దానిలో నుండవలెను. దానిని ఆపరేటింగ్ సిస్టము అందురు. మన కార్యాలయములలో అధికముగ నున్నది మైక్రోసాఫ్ట్ కంపెనీవారి విండోస్. ఒక యంత్రము వేఱొక యంత్రముతో మాటలాడవలెనన్న ముందుగా నేర్పఱచుకొన్న కట్టుబాటొకటి కావలెను: ఎవరు ముందు పలుకరింపవలెను, ఏ మాటకు ఏ మాఱుమాట, కాగితము మీద లెక్క ఎచ్చట వ్రాయవలెను అను నియమములు. దీనినే ప్రోటోకాల్ అందురు. ఒక గదిలోని దస్త్రమును ప్రక్కగదిలోని యంత్రము తెచ్చుకొనుటకు, ఒక్క ప్రింటరును పదిమంది వాడుకొనుటకు ఉపయోగించు కట్టుబాటునకు ఎస్.ఎం.బి. అని పేరు. యంత్రమునకు అనేక ద్వారములుండును. ఈ కట్టుబాటు పనిచేయు ద్వారము సంఖ్య 445. దీని మొదటి కూర్పు 2017 నాటికే ముప్పదియేండ్లకు మించిన పాతది. పాత యంత్రములతో సంబంధము తెగకూడదని దానిని తీసివేయక ఉంచిరి. తాతలనాటి పెఱటి తలుపు వంటిది. ఎవరును వాడరు, ఎవరును మూయరు.

ఇక దానిలోని లోపము. ధాన్యపు కొట్టులో గుమాస్తా యొకడు కలడనుకొనుడు. వచ్చిన సరుకు చీటీ చూచి, లెక్క సరిచేసి, తగిన గది నిర్ణయించుట వాని పని. చీటీలో 1,00,000 బస్తాలని యున్నది. పరీక్షింపగా వానిలో మంచివి 99,000 మాత్రమే యని తేలినది. వాడు చీటీ మీది అంకెను దిద్దవలెను. కాని వాడు చివరి అయిదు స్థానములను మాత్రమే దిద్ది, లక్ష స్థానములోని 1ని చెరుపుట మఱచినాడు. చీటీపై ఇప్పుడేమున్నది? 1,99,000. గది 99,000 బస్తాలకు సిద్ధమైనది. మోయు కూలివాడు చీటీని నమ్మి 1,99,000 వచ్చువఱకు పోయుచునే యుండును. గది నిండి, గోడ దాటి, ప్రక్కగదిలోనికి ధాన్యము పొర్లును.

విండోసులో జరిగినది సరిగా ఇదియే. ఒక సంఖ్యను రెండు సగములుగ దాచుకొను చోట, క్రింది సగమును దిద్ది పై సగమును వదలివైచిరి. ఇది వ్రాసినవాని చేతి తప్పు. ఏండ్లతరబడి ఎవరి కంటను పడలేదు. ఇందులో ప్రమాదమేమనగా, ఆ ప్రక్కగది సామాన్యమైనది కాదు. అది ఇంటి యజమాని గది. యంత్రములోని సర్వాధికారములకును మూలమైన ఆజ్ఞలుండు తావు. పొర్లు ధాన్యము నడుమ దొంగ తన చీటీ నొకదానిని దాచి పంపినచో, పనివారు దానిని యజమాని యాజ్ఞగానే భావించి శిరసావహింతురు. సంకేతపదము అడుగువారు లేరు. యంత్రము ముందు కూర్చున్న గుమాస్తా దేనినిని నొక్కి తెఱువనక్కఱలేదు. సామాన్యముగ కంప్యూటరు రోగములు ఎవరో పంపిన జాబును మనము తెఱచినప్పుడు అంటుకొనును. ఇది అట్లుగాక, ఒక యంత్రము నాక్రమించిన వెంటనే ప్రక్క యంత్రముల 445 ద్వారము తట్టి చూచి, తెఱచియున్న దానిలో తానే ప్రవేశించును. కార్యాలయములో ఒక్కనికి సోకిన పదిమందికి సోకుట కిదియే కారణము.

ఇప్పుడు జొన్నాడ పెద్దగారి ప్రశ్నకు వత్తము. తలుపు తీసినదెవరు?

ఆ లోపమును మొట్టమొదట కనిపెట్టి వాడుకొన్నది దొంగలు కారు. అమెరికా ప్రభుత్వపు జాతీయ భద్రతా సంస్థ కనిపెట్టినది. దానిద్వారా ఇతరుల యంత్రములలో ప్రవేశించుటకు ఆయుధము నొకదానిని నిర్మించి, ఎటర్నల్‌బ్లూ అను పేరు పెట్టుకొన్నది. విండోస్ చేసిన కంపెనీకి మాత్రము చెప్పలేదు. అయిదేండ్లకు మించి ఆ సంస్థ దీనిని వాడుకొన్నదని అమెరికా పత్రికలు వ్రాసెను. ఆ యాయుధము దొంగిలింపబడినదని తెలిసిన పిదప గాని కంపెనీకి కబురు పోలేదు. 2017 మార్చి 14వ తేదీన కంపెనీవారు మరమ్మతు విడుదల చేసిరి. ఏప్రిల్ 14వ తేదీన షాడో బ్రోకర్స్ అని తమ్ము చెప్పుకొను ముఠా ఆ యాయుధమును లోకమునకంతకు బయటపెట్టెను. మే 12వ తేదీన వన్నక్రై వచ్చెను. దానిని పంపినది ఉత్తర కొరియా యని అదే సంవత్సరము డిసెంబరులో అమెరికా, ఇంగ్లండు ప్రభుత్వములు ప్రకటించెను. ఉత్తర కొరియా కాదన్నది.

ఈ క్రమము చెప్పినప్పుడు మా పెద్దగారు కొంతసేపు మాటలాడలేదు. పిమ్మట, “గట్టుకి బొరియ ఉందని తెలిసి, పక్క ఊరి మీదకి నీళ్ళు వదలడానికి పనికొస్తుందని చెప్పకుండా దాచుకున్నాడన్నమాట. అలాంటోణ్ణి మేమైతే గట్టెక్కనివ్వమండీ” అనిరి.

ఆ సంస్థ పక్షమున చెప్పదగిన మాట లేకపోలేదు. శత్రువుల కుట్రలు తెలిసికొనుటకు ఇట్టి రహస్యద్వారములు కావలెనని రాజనీతిజ్ఞులందురు. వేగులవారు లేని రాజ్యము పూర్వమును లేదు, నేడును లేదు. కాని పూర్వకాలపు వేగువాడు శత్రువు కోటలోని సొరంగమును దాచినచో ఆ సొరంగము ఆ కోటకే యుండెడిది. ఇచ్చట అందఱి కోటలును ఒక్క అచ్చున పోసినవి. శత్రువు ఇంటి తలుపు ఎంత తెఱచియున్నదో, అమెరికా వైద్యశాల తలుపును, తిరుపతి కార్యాలయపు తలుపును అంతే తెఱచియున్నవి. అట్టి రహస్యమును దాచువాడు దానిని దొంగచేతిలో పడకుండ కాపాడగలడా యన్నచో, ఆ సంస్థయే కాపాడలేకపోయినది. మైక్రోసాఫ్ట్ కంపెనీవారును ఆనాడు ప్రభుత్వముల తీరును గట్టిగనే ఆక్షేపించిరి. అయితే తప్పుగ దిద్దిన గుమాస్తా తమ గుమాస్తాయే యన్న సంగతిని వారంత గట్టిగ పలుకలేదు.

మార్చి 14 మొదలు మే 12 వఱకు ఎన్ని దినములు? ఏబదితొమ్మిది. మరమ్మతు ఊరకే యిచ్చుచుండగా ఏబదితొమ్మిది దినములు లక్షలకొలది యంత్రములు దానిని స్వీకరింపలేదు. మరమ్మతు పెట్టిన యంత్రములోనికి ఈ పురుగు ఆ ద్వారమున ప్రవేశింపలేకపోయెను. కాలముచెల్లిన విండోస్ ఎక్స్‌పి వలన ఇదంతయు జరిగినదని చాలమంది తలంతురు. 2014 ఏప్రిల్‌తో ఎక్స్‌పికి పోషణ నిలిచిపోయిన మాట నిజమే. దానికిని మరమ్మతు కంపెనీవారు ఉపద్రవము వచ్చిన తరువాతనే యిచ్చిరి. కాని పట్టుబడిన యంత్రములలో నూటికి 98 విండోస్ 7వే యని కాస్పర్‌స్కీ అను రక్షణ సంస్థవారు లెక్క తేల్చిరి. అనగా మందు చేతికందియుండియు మ్రింగనివే ఎక్కువ.

ఎందులకు మ్రింగలేదు? కారణములు మనకు తెలిసినవే. మరమ్మతు పెట్టిన పాత లెక్కల పుస్తకము తెఱచుకొనదేమో యను భయము కొందఱికి. పని నిలిచిపోవునని కొందఱికి. అనుమతిలేని దొంగప్రతిని వాడువాడు పట్టుబడుదునేమో యని మరమ్మతులు వచ్చు దారినే మూసివైచుటయు కద్దు. మరమ్మతు పెట్టుట ఫలానావాని విధి యని కార్యాలయములో ఎవరికిని చెప్పకపోవుట అన్నిటికంటె పెద్ద కారణమని నా తలంపు. గట్టుకు లస్కరు కలడు. వాడు రాకున్న అడుగుటకు పైయధికారి కలడు. కంప్యూటరుకు కొన్నవారు కలరు, వాడువారు కలరు, లస్కరు లేడు.

ఆ ఉపద్రవము నిలిచిన విధము విచిత్రమైనది. ఆ పురుగు ఒక యంత్రములో ప్రవేశింపగనే పేరూ ఊరూ లేని యొక పొడవైన చిరునామా ఇంటర్నెట్టులో కలదా యని చూచుచుండెను. లేదన్నచో పని మొదలుపెట్టును. ఇంగ్లండులో ఇరువదిరెండేండ్ల మార్కస్ హచిన్స్ అను యువకుడు దీనిని గమనించి, పదిడాలర్లకు కొంచె మెక్కువ వెచ్చించి ఆ చిరునామాను తన పేర నమోదు చేసికొనెను. దాని ఫలితమేమగునో అప్పటికి వానికే తెలియదు. అంతట ఎచ్చటికి పోయినను చిరునామా కలదను జవాబే వచ్చి, పురుగు ఎక్కడికక్కడ చతికిలబడెను. అప్పటికే రహస్యలిపిలోనికి పోయిన దస్త్రములు మాత్రము తిరిగి రాలేదు.

సొమ్ము చెల్లించినవారి గతి యేమి? మొదటి నెలలో మూడువందలకు కొంచె మెక్కువ చెల్లింపులు, సుమారు 1,30,000 డాలర్లు దొంగలకు ముట్టినవి. ఎవరు చెల్లించిరో తెలిసికొను సరియైన యేర్పాటు ఆ దొంగలే చేసికొనలేదు. కావున డబ్బిచ్చినవారికి తాళపుచెవి వచ్చునను నమ్మకము లేకపోయెను. ప్రతిని వేఱొకచోట దాచుకొన్నవారు మాత్రము యంత్రమును తుడిచి, పాత ప్రతిని ఎక్కించుకొని తమ పని చూచుకొనిరి. అదే సంవత్సరము జూన్ 27వ తేదీన నాట్‌పెట్యా అను వేఱొక పురుగు ఇదే బొరియను కూడ వాడుకొని వచ్చెను. బొంబాయి చెంతనున్న జవాహర్‌లాల్ నెహ్రూ రేవులో ఒక భాగము పని స్తంభించెను. ఒకసారి గండి పడిన చోటనే ఏడువారములలోపల మరల గండి!

ఇదంతయు మనకేల యని యడుగువారుందురు. 2019 అక్టోబరు 2వ తేదీనుండి మన రాష్ట్రమున గ్రామ సచివాలయములు వెలసెను. అడంగలు కావలెనన్నను, పింఛను సంగతి తెలియవలెనన్నను నేడు ఒక తెర యెదుట నిలువవలసినదే. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములు 63,000 కంప్యూటరులలోని కెక్కింపవలెనని కేంద్ర ప్రభుత్వము 2022 జూన్‌లో నిర్ణయించినది. రైతు తీసికొన్న అప్పు, కట్టిన కిస్తీ ఇకమీదట వ్రాతపుస్తకములో నుండవు. ఇదివఱకు కరణముగారి పెట్టెకు చెదలు పట్టకుండ చూచుకొనెడివారము. చెదలు ఒక్క ఊరి పెట్టెనే తినును. ఇది అట్లు కాదని వయనాడు పంచాయితీ మనకు చూపినది.

విండోస్ 7కు 2020 జనవరి 14వ తేదీతో పోషణ నిలిచినది. ఆ పిదపి విండోస్ 10కి 2025 అక్టోబరు 14వ తేదీతో నిలిచినది. విడిగ నమోదు చేసికొన్నవారికి మాత్రము మఱికొంత గడువిచ్చిరి. ఆ తేదీ తరువాత క్రొత్తగ బొరియ బయటపడినను, గడువు పొందని యంత్రమునకు మట్టి వేయువాడు రాడు. యంత్రము మాత్రము యథాప్రకారము వెలుగుచునే యుండును. వేసవిలో గట్టు ఎట్లుండునో అట్లే, చూపులకు నిక్షేపముగ నుండును.

నేనీ సంగతులు చెప్పిన కొలది దినములకు జొన్నాడ పెద్దగారు తమకు పనియున్న యొక కార్యాలయమునకు పోయిరట. ఏ కార్యాలయమో చెప్పను, అట్టివి అనేకములుండును. తమ పని ముగిసిన పిమ్మట అచ్చటి పిల్లవానిని మూడు ప్రశ్నలడిగిరట. “బాబూ, దీనికి మరమ్మతులు ఎప్పుడు పెట్టారు? మా లెక్కల ప్రతి ఇంకోచోట ఎక్కడుంది? ఆ ఇంకోచోటు దీనికి తీగతో తగిలించి ఉందా, విడిగా ఉందా?” మూడవ ప్రశ్న వారు సొంతముగ కల్పించుకొన్నది, నేను చెప్పలేదు. ఎల్లవేళల తీగతో తగిలించియుంచిన ప్రతిని ఈ పురుగు కూడ తినివైచును గనుక, మూడింటిలో నదియే మేలైన ప్రశ్న.

ఆ పిల్లవాడు మొదట నవ్వెను. తరువాత తెర మూలను చూపి, “మరమ్మతు పెట్టమని రోజూ అడుగుతుందండీ. జనం నిలబడి ఉంటారని ‘తరువాత’ అని నొక్కేస్తున్నానండీ” అని ఒప్పుకొనెను. ఎన్నాళ్ళనుండి యన్నచో వానికి జ్ఞాపకము లేదు. ప్రతి యెక్కడనో ఒక చిన్న పెట్టెలో నున్నదనియు, అది యంత్రమునకే తగిలించి యున్నదనియు చెప్పెను.

ఆ సాయంకాలము జనము పోయిన తరువాత వాడు ఆ పెట్టెను ఊడదీసి బీరువాలో పెట్టి, మరమ్మతు మొదలుపెట్టెను. అది పూర్తియగుటకు రెండుగంటలు పట్టెను. ఆ రెండుగంటలును పెద్దగారు కార్యాలయపు అరుగుమీదనే కూర్చుండిరట.